ఆడపడుచు వాటా

ఆ వీధిలో ఆమెను మిరపకాయ అనేవారు. ఎదురుగా కాదులెండి, అంత గుండె ఎవరికుంది? ఇంట్లో మాత్రం ఆమె పెద్దకోడలు. మొగుడు విషజ్వరంతో పోయిన నెల తిరక్కుండానే అతని తెడ్డు అందుకుంది. ఆడది పడవెక్కడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళను, ఆ వేలు తీసి ఏదైనా పని చేసుకోమంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆమె నోరు మంచిది కాదని నేనూ ఒప్పుకుంటాను. ఆ ఊరి మంచితనం ఎంతో మాత్రం కథ విన్నాక మీరే తేల్చండి.

ఆ రోజు పొద్దున్నే చేపలబండి తోసుకుంటూ వచ్చి సరాసరి మరిది గుమ్మం ముందు ఆపింది. బండి మీద గోనెపట్టా. పట్టా కింద చచ్చిపోయిన డాల్ఫిన్ పిల్ల. వీపు చర్మం ఎండి పగుళ్ళిచ్చి ఉంది.

"బయటికి రావయ్యా ఉద్యోగస్థుడా," అంది. "నీ చేతి చలవేంటో చూసుకుందువు గాని."

అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు గాని వాకిలి పంచుకోలేదు. మధ్యలో ఒక బల్ల, దాని మీద మామగారు. ఆయనకు చూపు పోయి చాలా కాలమైంది. వేళ్ళతో తడుముకుంటూ వలలు బాగుచేస్తుంటాడు. బండి చక్రం చప్పుడుకు ఆయన చేతులు ఆగాయి.

మరిది కంపెనీ వాళ్ళిచ్చిన నారింజరంగు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. వెనక తడిచేతులతో తోడికోడలు.

"ఏంటొదినా పొద్దున్నే. వీధి వీధంతా వింటోంది."

"వినాలనే. నిన్న సాయంత్రం దీన్నీ దీని తల్లినీ తెడ్డు కొట్టి పిలిచి, లాకు దాటించి, మడుగులోకి తోలింది నువ్వు కాదూ?"

"ఊరికే ఒకసారి చేసి చూద్దామన్నారు. చీకటి పడేలోపే గేటెత్తేస్తామన్నారు. గేటు ఇరుక్కుపోయింది, నన్నేం చెయ్యమంటావ్? రాత్రి మడుగులో నీళ్ళు తీసేసి బురద తేలింది. ఎలాగో గేటు లేచేసరికి తల్లి బయటపడింది కదా."

"తల్లి బయటపడింది. పిల్లను ముక్కుతో బురదలోంచి తోస్తూ తోస్తూ, అది చచ్చాక బయటపడింది. నేను చూసొచ్చాను."

మామగారు బల్ల దిగి, తడుముకుంటూ బండి దగ్గరికొచ్చాడు. పట్టా ఎత్తి, పిల్ల నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు తడిమాడు.

"పళ్ళింకా రాలేదు. పాలు తాగే పిల్ల," అన్నాడు. తర్వాత కొడుకు గొంతు వినిపించిన వైపు చెయ్యి చాపాడు. "తెడ్డు ఇటివ్వరా."

మరిది ఇవ్వలేదు. ముసలాయన చెయ్యి అలాగే చాపుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఆ చెయ్యి దించుకుని, బల్ల మీదికి తనంతట తనే వెళ్ళి కూర్చున్నాడు.

ఆ తెడ్డు సంగతి చెప్పకపోతే ఈ గొడవ మీకు అర్థం కాదు. నది సముద్రంలో కలిసే చోట ఒక పాయ ఉంది. అందులో ఆ పిల్లతో కలిపి డాల్ఫిన్లు తొమ్మిదే మిగిలాయి. ఆ ఇంటివాళ్ళు తెడ్డు కాడతో పడవ అంచు మీద రెండు దెబ్బలు వేసి, ఒక్క క్షణం ఆగి, ఇంకో దెబ్బ వేస్తారు. అది విని డాల్ఫిన్లు వస్తాయి. చేపల గుంపును చుట్టుముట్టి పడవ దగ్గరికి తోలతాయి. వీళ్ళు వల విసురుతారు. పడ్డవాటిలో మొదటి గంప డాల్ఫిన్లది. ఇది ఏ తరంలో మొదలైందో ఎవరికీ తెలీదు గాని, ఆ ఇంట్లో వాటిని ఆడపడుచులనే అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఎవడో అనుభవజ్ఞుడే. వాటా కాస్త ఆలస్యమైతే తోకతో పడవను చరిచి మరీ అడుగుతాయి. వేసిన చేప చిన్నదైతే పక్కకు తోసేసి మొహం చూస్తాయి. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా?

దానికి రెండు కట్టుబాట్లున్నాయి. వాటా ఇచ్చే ఉద్దేశం లేకుండా తెడ్డు కొట్టకూడదు. తెడ్డు కొట్టకుండా వాటా వెయ్యకూడదు. మాటంటే మాటే, వాటా అంటే వాటాయే. చిన్నప్పుడు పడవ మీద ఊరికే దరువు వేసినందుకు మరిది తిన్న చెంపదెబ్బలు ఇన్నీ అన్నీ కావు. కొట్టకుండా ఒకసారి చేప విసిరినందుకైతే ఆ పూట అన్నమే పెట్టలేదు.

ఇప్పుడు ఆ పాయలో కంపెనీ జెట్టీ కడుతోంది. నీళ్ళలోకి ఇనప స్తంభాలు దిగ్గొట్టాలి. దానికో సుత్తి తెచ్చారు, ఇల్లంత ఉంటుంది. పరీక్షకని ఒక్క దెబ్బ వేస్తే వీధిలో గిన్నెలు కిందపడ్డాయి. ఆ రోజు మామగారు ఒకటే మాట అన్నాడు: "వాటికి చెవులే కళ్ళు, నాలాగే. రోజూ ఇలా మోగితే గుడ్డివై చస్తాయి." పాయలో డాల్ఫిన్లుంటే సుత్తి ఎత్తకూడదని చట్టం. తనిఖీకి వచ్చేవాళ్ళకు ఒక్కటి కూడా కనిపించకూడదు. కంపెనీ మేనేజర్ అటు వెతికి ఇటు వెతికి మరిదిని పట్టుకున్నాడు. ఇంటిగుట్టు లంకకు చేటు. పర్మనెంటు ఉద్యోగం, చొక్కా, ఐస్‌పెట్టెల నిండా ఉచితంగా చేపలు. రోజూ తెడ్డు కొట్టి, చేపలు పెడుతూ, ఆడపడుచుల్ని కొద్దికొద్దిగా ఎగువకు అలవాటు చెయ్యాలి. తనిఖీ రోజున అన్నిటినీ లాకు దాటించాలి. గేటు దించేస్తారు.

"ఒక్క పూట వదినా," అన్నాడు మరిది. "తనిఖీ అయిపోగానే ఎత్తేస్తారు. వాటికి నాలుగు చేపలు ఎక్కువే పెడుతున్నాను. నువ్వు పెట్టేదానికన్నా ఎక్కువ."

"ఎత్తేశాక? బయటికొస్తే సుత్తి, లోపలుంటే బురద. ఎటు చావాలో నువ్వే చెప్పు వాటికి. నిన్ను నమ్మే కదా వస్తున్నాయి."

"మాకు పిల్లాజెల్లా ఉన్నారక్కా," అంది తోడికోడలు. "చేపల్ని కాపాడతావు గాని మనుషుల్ని బతకనివ్వవా?"

"నమ్మించి గొంతు కోసి బతికే బతుకు నాకు తెలీదమ్మా, నువ్వే నేర్పాలి."

తోడికోడలు తలుపు ధడాలున వేసింది. పెద్దకోడలు ఆ పిల్లను ఇసుకలో పూడ్చి, చేతులు కడుక్కుని, నేరుగా చేపలశాఖ ఆఫీసుకు పోయింది. అక్కడి గుమాస్తా గోడకు తగిలించిన డాల్ఫిన్ బొమ్మ కింద కూర్చుని, పిల్లకు ఏదో జబ్బు చేసి ఉంటుందన్నాడు. "ఎవరు తోలారు మడుగులోకి? పేరు చెప్పు," అన్నాడు. ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పేరు చెబితే జైలుకెళ్ళేది మరిది. మేనేజర్ సాయంత్రానికి ఇంకొకణ్ణి చూసుకుంటాడు. ఆ తెడ్డు దెబ్బలు పాయ అంచున నిలబడి విన్న ప్రతివాడికీ వచ్చు. మిరపకాయ నోరు మూసుకుని ఇంటికి రావడం ఆ వీధి మొదటిసారి చూసింది.

వీధిలో కూడా ఎవరూ ఆమె పక్క లేరు. సగం ఇళ్ళలో నారింజరంగు చొక్కాలు ఆరేసి ఉన్నాయి. కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే పక్కబిందె జరిగేది. "అభివృద్ధి వస్తుంటే అడ్డం పడే మొహం," అన్నాడొకడు టీ కొట్టు దగ్గర. "నీ ఇంటికి అభివృద్ధి వస్తే తలుపు తీసి ఉంచు నాయనా, చెప్పులు బయట విప్పదది," అని ఆమె దాటిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చినవాడు కూడా మొహం తిప్పుకున్నాడు.

మరిదిని ఆపడం ఆమె వల్ల కాదు. కంపెనీని ఆపడం అసలే కాదు. ఆపగలిగింది ఒక్కటే: పిలిస్తే రావడం. అది ఆడపడుచులే మానాలి.

మర్నాడు పాయలోకి వెళ్ళి తెడ్డు కొట్టింది. వచ్చాయి. ముందు పెద్దాడపడుచు. రెక్క చివర చిరిగి ఉంటుంది, ఊపిరి వదిలితే గొంతు జీరగా వస్తుంది. వెనక మిగతావి. పిల్లను పోగొట్టుకున్న తల్లి కూడా వచ్చింది. చేపల్ని తోలుకొచ్చి ఇచ్చాయి. పెద్దకోడలు వల లాగి, గంప నింపుకుని, ఒక్క చేప కూడా వెయ్యకుండా కూర్చుంది. పెద్దాడపడుచు పడవ చుట్టూ తిరిగింది. తోకతో నీళ్ళు చరిచింది. తల పైకెత్తి గంప వంకా ఆమె వంకా చూసింది. చివరికి అలిగి పోయింది. హమ్మయ్య అనుకుంది పెద్దకోడలు. మరుసటి పొద్దున పిలిస్తే ఏమీ జరగనట్టే వచ్చింది. ఎందుకు రాదు? అవతల మరిది పడవలో ఐస్‌పెట్టెలు నిండుగా ఉన్నాయి. రెండు పడవలూ ఒకే వడ్రంగి ఒకే మాను కోసి చేసినవి. చప్పుడులో తేడా ఉండదు. ఇక్కడ పస్తు పెడితే అక్కడ విందు.

ఆడపడుచు అలిగింది గాని పుట్టిల్లు మానలేదు. అలకతో అయ్యే పని కాదని పెద్దకోడలికి అప్పుడే తెలిసిపోయింది. తెలిశాక కూడా ఆ రోజు ఆ పని చెయ్యలేక తిరిగొచ్చింది. వెయ్యని వాటా గంపలోనే ఉంది. దాన్ని అమ్మబుద్ధి కాలేదు, తినబుద్ధి కాలేదు, వీధికుక్కలకు పోసింది.

ఆ మర్నాడు చేసింది.

రెండు దెబ్బలు, ఆగి, ఇంకోటి. పెద్దాడపడుచు ఎప్పటిలాగే వచ్చి పడవ పక్కన ఒళ్ళు ఆనించి నిలబడింది. దాని మొహం ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది, దేవుడు అలా చేశాడు. పెద్దకోడలు తెడ్డు రెండు చేతులా ఎత్తి దాని వీపు మీద బాదింది. నీళ్ళు అంతెత్తున లేచాయి. మిగతావి చెదిరిపోయాయి. పెద్దది మునిగింది. పొరపాటున తగిలిందనుకుంది కాబోలు, మళ్ళీ వచ్చి అక్కడే, అలాగే, ఒళ్ళు ఆనించింది.

"పోవే," అంది పెద్దకోడలు. "సిగ్గులేనిదానా. పిలిస్తే వచ్చెయ్యడమేనా? ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో చూసుకోనక్కర్లేదా?"

రెండోసారి ఇంకా గట్టిగా కొట్టింది. తెడ్డు ఆకు నిలువునా బీట ఇచ్చింది. పెద్దది ఒక రకమైన కూత కూసింది. ఆ కూత ఆమె అంతకుముందెప్పుడూ వినలేదు. అది దూరంగా పోయి, తల పైకెత్తి, చాలాసేపు ఇటే చూసింది. పెద్దకోడలు పడవలో చతికిలబడి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఏడుస్తూనే మళ్ళీ తెడ్డు కొట్టింది. ఏడుస్తూనే, వచ్చినవాటిని వచ్చినట్టు కొట్టింది.

ఆ తర్వాత ప్రతి పొద్దునా అదే పని. పిలవడం, కొట్టడం. దగ్గరికి రావడం మానేస్తే దూరం నుంచే రాళ్ళు విసిరింది. చేతులు బొబ్బలెక్కాయి. గంపలో చేపలు లేవు. గట్టు మీద జనం పోగై చూశారు. "వాటా పెట్టలేక ఆడపడుచుల్నే బాదుతోందిరా, దీని పిసినారితనం తగలెయ్య," అన్నారు. ఆ మాట మేనేజర్ దాకా పోయింది. ఆయన పడీపడీ నవ్వాడట. "మన పని ఆవిడే చేస్తోంది. పాయలోంచి తరిమేస్తే ఇంకా మంచిదే," అన్నాడట. ఆ పెద్దమనిషికి తెలియనిదేమిటంటే, అవి పాయ వదిలి ఎక్కడికీ పోవు. అది వాటి ఇల్లు. అవి వదిలేది ఆ పిలుపును.

మామగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ పని చేసే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు.

తనిఖీ రోజు వచ్చింది. తెల్లవారగానే మరిది ఐస్‌పెట్టెలతో పాయ మధ్యకు పోయాడు. అంతకు ముందు రోజులు ఎలా గడిచాయో అతనికే తెలియాలి. ఆడపడుచులు పిలిస్తే అదోలా ఉంటున్నాయని మేనేజర్‌కు చెప్పే ధైర్యం లేక, ఇవాళ చేపలు ఎక్కువ పెడితే సరిపోతుందిలే అనుకున్నాడు. లాకు గట్టు మీద మేనేజర్, చేతిలో ఫోను. దిగువన, కాస్త దూరంలో, పెద్దకోడలు వల విసరకుండా పడవలో కూర్చుంది.

మరిది పెట్టె మూత తీశాడు. అప్పటికే చేపనీళ్ళు కారి వాసన పాయలో కలిసింది. పెద్దకోడలు పడవలో లేచి నిలబడింది. ఆడపడుచులు వస్తున్నాయి. ఎవరూ పిలవకుండానే, కడుపు ఆకలికి, బెదురుతూ బెదురుతూ, ముక్కులు పైకి పెట్టుకుని మరిది పడవ వైపే వస్తున్నాయి. అతను గుప్పెడు చేపలు విసిరితే చాలు. పడవను అలా ఎగువకు నడుపుకుంటూ, చేప వెనక చేప విసురుకుంటూ పోతే అన్నీ వెనకే వచ్చి లాకులో పడతాయి. ఇన్నాళ్ళూ ఆమె తిన్న తిట్లు, వేసిన దెబ్బలు, అన్నీ నీళ్ళపాలు.

"వెయ్యవోయ్, చేపలు వెయ్యి," మేనేజర్ గట్టు మీది నుంచి కేకేశాడు.

మరిది చేప చేతిలోకి తీసుకున్నాడు. రెండో చెయ్యి తెడ్డు మీదికి పోయింది. ఎంత అమ్ముడుపోయినవాడైనా ఆ తండ్రి కొడుకే కదండీ. కొట్టకుండా వాటా వెయ్యడం ఆ చేతికి రాదు. ఆ చేతికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒకటే వరస తెలుసు.

రెండు దెబ్బలు. ఆగాడు. ఇంకోటి.

నీళ్ళు ఒక్కసారి విరిగినట్టయ్యాయి. ఎనిమిది వీపులు ఒకేసారి తిరిగి, దిగువకు, పాయ నడిమధ్యకు దూసుకుపోయాయి. మరిది అరిచాడు, పెట్టె మొత్తం నీళ్ళలో కుమ్మరించాడు, ఆ కంగారులో మళ్ళీ తెడ్డు కొట్టాడు. కొట్టినకొద్దీ అవి దూరమయ్యాయి. అప్పుడే తనిఖీవాళ్ళ లాంచీ మలుపు తిరిగింది. ఆడపడుచులు దాని ముందే, ఒకదాని తర్వాత ఒకటి, ఊపిరి కోసం పైకి లేచాయి. లాంచీలో ఒకామె లేచి నిలబడి వేలుపెట్టి లెక్కపెట్టింది. మేనేజర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సుత్తి ఎత్తొద్దన్నారు. ఈ ఏడాదికి ఎత్తొద్దన్నారు, వచ్చే ఏటి మాట మళ్ళీ చూస్తామన్నారు. అంతకంటే గొప్ప గెలుపేమీ కాదు. వీధిలో నారింజరంగు చొక్కాలు ఒక్కొక్కటే కంపెనీకి తిరిగిపోయాయి. పెద్దకోడలి పడవకు ఎవరో చిల్లు పెట్టారు. ఆమె తారు కాచి పూసుకుంది. ఇంకోసారి పెట్టారు. ఇంకోసారి పూసుకుంది.

మరిది చాలా రోజులు గుమ్మంలోంచి బయటికి రాలేదు. వచ్చిన రోజున ఆమె వాకిట్లో వల ఆరేస్తోంది.

"నా కూటిలో మన్ను కొట్టావు వదినా."

"కొట్టాను."

"నీ కూటిలో కూడా కొట్టుకున్నావు. ఇంక నీకూ రావుగా."

"రావు."

"మరి ఏం మిగిలింది నీకు?"

ఆమె వల రెండో కొస తాడుకు కట్టింది.

ఒక పొద్దున మామగారు తనను పాయలోకి తీసుకెళ్ళమన్నాడు. ఆమె ఏవేవో సాకులు చెప్పింది. ఆయన వినకుండా వెళ్ళి పడవలో కూర్చున్నాడు. గంపలో ఆ రోజుకు రెండే చేపలున్నాయి, అవీ గాలానికి పడ్డవి.

పాయ మధ్యలో ఆయన తెడ్డు అందుకుని కొట్టాడు. చెవి ఒగ్గి కూర్చున్నాడు. దూరంగా, బాగా దూరంగా, గొంతు జీరగా ఒక ఊపిరి వినిపించింది.

"పెద్దది అక్కడుంది," అన్నాడు. "పిలిస్తే పక్కకు తప్పుకుంటోంది. బెదిరింది." ఆమె వైపు తిరిగాడు. "ఎవరు కొట్టారు దాన్ని? వాడా?"

వాడే అని ఒక్క మాట అంటే సరిపోయేది. వాడి పేరు ఎటూ పాడైపోయే ఉంది.

"నేనే మామయ్యా."

ముసలాయన తెడ్డు తిప్పి ఆకు మీద వేళ్ళు నడిపించాడు. నిలువునా ఉన్న బీట దగ్గర వేళ్ళు ఆగాయి. దాని పొడుగంతా తడిమాడు. తిడతాడని ఆమె చూసింది. తిడితే బాగుండుననుకుంది.

"చాలా గట్టిగా కొట్టావమ్మాయ్," అన్నాడు. తెడ్డు ఆమె చేతికిచ్చేశాడు. "చేపలెన్నున్నాయి?"

"రెండు."

"వేసెయ్."

"ఇప్పుడు మళ్ళీ కొట్టలేను మామయ్యా. కొట్టకుండా వెయ్యకూడదంటావు కదా నువ్వు."

"గడపలోకి రాని ఆడపడుచుకు వాటా పంపిస్తారు గాని ఎగ్గొట్టరు. వెయ్యి."

ఆమె రెండు చేపలూ నీళ్ళలో వదిలింది. చప్పుడు చెయ్యకుండా వదిలింది. పడవ తిప్పింది. నాలుగు తెడ్లు వేసిందో లేదో, వెనక, దగ్గర్లోనే, ఆ జీర ఊపిరి వినిపించింది. ఆమె తల తిప్పలేదు. ఇంకా వేగంగా తెడ్డు వేసింది.

"ఆగవే అమ్మాయ్," అన్నాడు ముసలాయన. "వచ్చింది."

"వచ్చిందనే ఆగట్లేదు మామయ్యా."